చేతిలో ఉన్న ఆ ఒకటి పేరు పది: ఇంట్లో పిల్లలకు స్థాన విలువతో కూడిక నేర్పడం ఎలా

నలభై ఏడు, ముప్పై ఎనిమిది కూడమంటే మా తరగతిలో ఒక పాప పలక మీద 715 అని రాసింది. సాయంత్రం వాళ్లమ్మ బడి గేటు దగ్గర ఆగి, “మాస్టారూ, మా గుంటకి ఒకటి నుంచి వంద దాకా నోటికొచ్చు. కూడిక ఇస్తే మాత్రం తప్పు చేస్తోందండి. బుర్ర పెట్టట్లేదేమో” అంది. ఆ పలకే ఆమెకు చూపించాను. “ఏడూ ఎనిమిదీ పదిహేను. ఒప్పే కదమ్మా? నాలుగూ మూడూ ఏడు. అదీ ఒప్పే. పాప కూడిక తప్పలేదు. పదిహేనులో ఉన్న ఒకటి ఎక్కడికి వెళ్లి కూర్చోవాలో పాపకి ఇంకా తెలియదు, అంతే” అన్నాను.

శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట చుట్టుపక్కల పల్లెల్లో చాలా ఏళ్లుగా చిన్న తరగతులకు లెక్కలు చెబుతున్నాను. కూడికలో నేను దిద్దిన తప్పుల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. పిల్లలకు ఏడూ ఎనిమిదీ ఎంతో తెలుసు. ఏ అంకె ఏ చోట కూర్చుంటే ఎంత విలువో తెలియదు. దాన్నే స్థాన విలువ అంటాం. అది పట్టుబడితే రెండంకెల కూడికా, ఏడంకెల కూడికా ఒకటే పని. అది పట్టుబడకుండా ‘ఐదు వేసి చేతిలో ఒకటి పెట్టుకో’ అని బట్టీ పట్టించామంటే, నాలుగో తరగతికి వచ్చేసరికి లెక్కల పీరియడ్ అంటేనే పిల్లలకు టెన్షన్ మొదలవుతుంది.

నేనూ మొదట్లో అలాగే చెప్పాను. ఒకసారి ఒక పిల్ల లేచి నిలబడి, “చేతిలో ఒకటి అంటే ఏ ఒకటి మాస్టారూ?” అని అడిగింది. అప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు. ఇప్పుడు చెప్పబోయే పద్ధతి అంతా ఆ ప్రశ్నకు జవాబే. ఇంట్లో అమ్మ, నాన్న, తాతయ్య, ఎవరైనా చేయించవచ్చు. రోజుకు ఇరవై నిమిషాలు చాలు. ఏ మెట్టు దగ్గర ఎన్ని రోజులు ఆగాలో పిల్లలే మీకు చెబుతారు.

ముందుగా కావలసినవి

పాత కొబ్బరి చీపురు ఒకటి తీసుకోండి. కొబ్బరి తోటలున్న ఉద్దానం వైపు వాళ్లకు ఈనెలకి కరువేమీ ఉండదు. మిగతావాళ్లు వాడేసిన అగ్గిపుల్లలైనా దాచుకోవచ్చు. ఈనెల్ని జానెడు ముక్కలుగా విరిచి నూట యాభై దాకా సిద్ధం చేయండి. కొన్ని రబ్బరు బ్యాండ్లు, కాస్త పురికొస, పాత క్యాలెండరు అట్టలు, ఒక నోటు పుస్తకం. ఇంకా ఒక రూపాయి బిళ్లలు ఓ పది ఇరవై, పది రూపాయల నోట్లు పది పన్నెండు, వంద నోట్లు నాలుగైదు. రెండు, ఐదు రూపాయల బిళ్లలు, ఇరవై, యాభై నోట్లు ఇప్పుడు వద్దు. బజారుకి అవి పనికొస్తాయి గానీ, ఒకటి, పది, వంద అనే మెట్లను మనం చూపించేటప్పుడు మధ్యలో అడ్డం వస్తాయి.

చింతపిక్కలు కూడా వాడవచ్చు. అయితే వాటిని కట్ట కట్టలేం, పదేసి చొప్పున చిన్న పొట్లాలు కట్టాలి. నాకు ఈనెలే ఇష్టం. కట్టా కనిపిస్తుంది, కట్టలోని పుల్లలూ కనిపిస్తాయి.

మొదటి మెట్టు: కట్టలు కట్టించండి

ఒక గుప్పెడు ఈనెలు నేల మీద పోసి ఎన్నో లెక్కపెట్టమనండి. ఒకటి, రెండు, మూడు అంటూ మొదలుపెట్టి నలభైల్లోకి వచ్చేసరికి మధ్యలో ఎవరో పిలుస్తారు, లెక్క తప్పుతుంది. తప్పనివ్వండి. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టడం ఎంత విసుగో తెలిశాక, “పది కాగానే ఒక బ్యాండు వేసెయ్” అని చెప్పండి. ఈసారి ఎవరు పిలిచినా లెక్క పోదు. ఆరు కట్టలు, మూడు విడి పుల్లలు. అరవై మూడు.

కట్టలు పిల్లలే కట్టాలి. మీరు కట్టి ఇస్తే వాళ్లకు అది ఒక బొమ్మలాంటిది, లోపల పది ఉన్నాయన్న నమ్మకం కుదరదు. మొదటి రోజు ఒక కట్ట విప్పి మళ్లీ లెక్కపెట్టమనండి. పది ఉన్నాయా? ఉన్నాయి. మళ్లీ కట్టమనండి. అప్పుడు ఒక కట్టను పైకెత్తి, “ఇది ఒకటా, పదా?” అని అడగండి. కొందరు ఒకటి అంటారు, కొందరు పది అంటారు. రెండూ సరైనవే. కట్టలుగా చూస్తే ఒకటి, పుల్లలుగా చూస్తే పది. ఈ రెండు చూపులూ పిల్లల బుర్రలో ఒకేసారి నిలబడాలి. స్థాన విలువ అంతా ఇందులోనే ఉంది కాబట్టి ఇక్కడ తొందరపడకండి. కొందరికి ఇది ఒక్క పూటలో వస్తుంది, కొందరికి వారం పడుతుంది. వారం పట్టినా ఆ వారం వృథా కాదు.

పది కట్టలు తయారయ్యాక వాటన్నిటినీ కలిపి పురికొసతో ఒక మోపు కట్టించండి. ఇప్పుడు అది పది కట్టలు కూడా, వంద పుల్లలు కూడా, ఒక మోపు కూడా. మోపు చేతికి బరువుగా తగిలినప్పుడు వంద అంటే ఎంతో పిల్లలకు అర్థమవుతుంది. అక్షరాల్లో రాస్తే ఆ బరువు రాదు.

రెండో మెట్టు: మన సంఖ్యల పేర్లు వినిపించండి

ఈ మెట్టును చాలామంది వదిలేస్తారు. నాకు మాత్రం ఇది చాలా ముఖ్యం అనిపిస్తుంది, ఎందుకంటే తెలుగులో సంఖ్యల పేర్లే స్థాన విలువను చెప్పేస్తాయి. ప్రామిసరీ నోటులో అక్షరాల రాసేటప్పుడు పాతవాళ్లు ‘ఇరువది’, ‘ముప్పది’, ‘నలుబది’ అని రాసేవారు. ఇరువది అంటే రెండు పదులు. ముప్పది అంటే మూడు పదులు. నలుబది, నాలుగు పదులు. అరువది, ఆరు పదులు. ఎనుబది, ఎనిమిది పదులు. మనం వాడుకలో ఇరవై, ముప్పై, నలభై అని కుదించేశాం, అందుకని లోపలున్న పది పిల్లలకు వినిపించడం లేదు. పిల్లల ముందు నాలుగు కట్టలు పెట్టి, “నాలుగు పదులు, నలుబది, నలభై” అని మూడు మాటలూ వరసగా అనండి. యాభై, డెబ్బై దగ్గర పోలిక అంత తేలిగ్గా కనిపించదు. ఐదు పదులు ఏబది అయింది, ఏడు పదులు డెబ్బది అయింది అని చెబితే సరిపోతుంది.

పదకొండు నుంచి పంతొమ్మిది దాకా కూడా మన భాషలో పదే ముందు వస్తుంది. పద్నాలుగు అనే మాటలో పది, నాలుగు రెండూ వినబడతాయి, అదే వరసలో. రాసేదీ అదే వరసలో, ముందు 1, తర్వాత 4. ఇంగ్లీషు మీడియం పిల్లలు ఫోర్టీన్ అని విని 41 రాయడం నేను ఎన్నోసార్లు చూశాను. ఆ మాటలో ఫోర్ ముందు వినబడుతుంది కదా, వాళ్ల తప్పేముంది? బడిలో ఏ మీడియం అయినా ఇంట్లో ఒకసారి తెలుగులో అనిపించండి. ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడే ఇళ్లలోనూ ఇదే చిక్కు ఉంటుంది. ఆ భాషలో ఇరవై మూడుకి మూడు ముందు పలుకుతుంది, ఇరవై తర్వాత వస్తుంది.

కొండ మీది సవర గిరిజన పిల్లల సంగతి ఇంకా వేరు. సవర భాషలో సంప్రదాయమైన లెక్క పన్నెండు మీద, ఇరవై మీద నడుస్తుంది. పదమూడు అనడానికి ‘పన్నెండూ ఒకటీ’ అన్నట్టు చెబుతారు. ముప్పై రెండు అనడానికి ‘ఇరవయ్యీ పన్నెండూ’ అన్నట్టు. ఇంట్లో అలా విన్న పిల్లాడు బడికి వచ్చి పది కట్ట దగ్గర తడబడితే మందబుద్ధి అనకూడదు. వాడికి ముందే ఒక కట్ట తెలుసు, అది వేరే కొలత కట్ట. మన బడి లెక్కలో కట్ట పదికి కడతాం అని చెప్పి ఈనెలు చేతికిస్తే చాలు. కట్ట కట్టి లెక్కపెట్టడం అనే ఆలోచన వాడికి కొత్త కాదు.

మూడో మెట్టు: గడులు గీసి రాయించండి

నోటు పుస్తకంలో మూడు నిలువు గడులు గీయండి. పైన కుడి నుంచి ఎడమకు ‘ఒ’, ‘ప’, ‘వ’ అని రాయండి. ఒకట్లు, పదులు, వందలు. విడి పుల్లలు కుడి గడిలో, కట్టలు మధ్య గడిలో, మోపు ఎడమ గడిలో పెట్టించి, కింద అంకెలు రాయించండి. రెండు కట్టలు, ఆరు విడి పుల్లలు అయితే ప గడి కింద 2, ఒ గడి కింద 6. ఈ 2 చూపించి “ఇదెంత?” అని అడగండి. రెండు అంటే “రెండు ఏమిటి?” అనండి. “రెండు కట్టలు, ఇరవై” అనేదాకా ఆగండి. ‘రెండు ఏమిటి’ అనే ఈ ఒక్క ప్రశ్న ఇకనుంచి మీ నోట ఎప్పుడూ ఉండాలి.

సున్నా గురించి ఇక్కడే చెప్పాలి. నాలుగు వందల ఐదు రాయమంటే మూడో తరగతిలో కూడా 4005 అని రాసేవాళ్లు ఉంటారు. వినబడింది వినబడినట్టు రాశారు, నాలుగు వందలు 400, ఐదు 5. దీనికి అట్టలు బాగా పనికొస్తాయి. క్యాలెండరు అట్టను కత్తిరించి ఒక పొడుగు ముక్క మీద 400, అందులో మూడోవంతు ముక్క మీద 5 రాయండి. పొడుగు అట్ట మీద చిన్న అట్టను కుడి అంచులు కలిపి పెట్టండి. ఐదు వెళ్లి చివరి సున్నా మీద కూర్చుంటుంది, 405 కనబడుతుంది. చిన్న అట్ట ఎత్తితే కింద 400 అలాగే ఉంది. 30 అని ఇంకో అట్ట చేసి మధ్యలో పెడితే 435. 405లో మధ్యలో ఉన్న సున్నాకి ‘విడి కట్టలు ఏమీ లేవు, కానీ ఆ చోటు ఖాళీగా ఉంచాం’ అని అర్థం చెప్పండి. ఆ సున్నా తీసేస్తే 45 అయిపోతుంది. నాలుగు మోపులు నాలుగు కట్టలైపోతాయి. పొలం అమ్మిన డబ్బులో ఒక సున్నా పోతే ఎలా ఉంటుందో తాతయ్యను అడగమనండి, ఆయన బాగా చెబుతారు.

నాలుగో మెట్టు: మార్పిడి లేని కూడిక

ఏ గడిలోనూ పది నిండని, పక్క గడికి ఏమీ పంపక్కర్లేని కూడిక ఇది. దీని మీద ఎక్కువ రోజులు పెట్టకండి. 34కి 25 కూడమనండి. మూడు కట్టలు, నాలుగు పుల్లలు పైన. రెండు కట్టలు, ఐదు పుల్లలు కింద. పుల్లల్ని పుల్లలతో, కట్టల్ని కట్టలతో కలపాలి. తొమ్మిది పుల్లలు, ఐదు కట్టలు, 59. “పుల్లనీ కట్టనీ కలిపి లెక్కపెడితే ఏమవుతుంది?” అని ఒకసారి అడిగి చూడండి. జీడిపిక్కల బస్తానీ విడి పిక్కనీ కలిపి ‘రెండు’ అన్నట్టు ఉంటుందని మా పలాస పిల్లలకు చెబితే వెంటనే నవ్వుతారు. ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు రాయాలన్న నియమం అక్కడి నుంచే వచ్చింది. అందం కోసం పెట్టింది కాదు.

ఐదో మెట్టు: మార్పిడి

ఇప్పుడు ఆ పాప చేసిన లెక్కకే వద్దాం. 47, 38.

పైన నాలుగు కట్టలు, ఏడు పుల్లలు. కింద మూడు కట్టలు, ఎనిమిది పుల్లలు. ముందు పుల్లలు కలపమనండి. పదిహేను వచ్చాయి. మీరు ఏమీ అనకండి. కాసేపు ఊరుకుంటే, ఇన్నాళ్లూ పది కాగానే బ్యాండు వేసిన చెయ్యి దానంతట అదే బ్యాండు కోసం వెళుతుంది. పది పుల్లలకు బ్యాండు వేశారు, ఐదు విడిగా మిగిలాయి. ఈ కొత్త కట్ట ఇక పుల్లల గడిలో ఉండకూడదు. దాన్ని పిల్లల చేతే ఎత్తించి కట్టల గడిలో పెట్టించండి. ఆ కదలికే మార్పిడి. ఇప్పుడు కట్టలు లెక్కపెడితే నాలుగు, మూడు, కొత్తది ఒకటి, మొత్తం ఎనిమిది. 85.

ఈ పని ఈనెలతో పదిసార్లు అయ్యేదాకా పెన్సిల్ ముట్టనివ్వకండి. ఆ తర్వాత పుల్లలు కదుపుతూనే పక్కన రాయించండి. పదిహేను పుల్లలు కట్ట కట్టి పక్క గడిలో పెట్టిన క్షణంలోనే, కాగితం మీద ఒకట్ల కింద 5 రాసి, పదుల గడి నెత్తిన చిన్న 1 రాయాలి. చెయ్యి చేసిన పని, పెన్సిల్ రాసిన గుర్తు రెండూ ఒకటేనని అప్పుడు తెలుస్తుంది.

ఇక్కడ మన మాటలు మార్చుకోవాలి. “ఐదు వేసి చేతిలో ఒకటి” అని మనం చిన్నప్పుడు నేర్చుకున్నాం, అది నోటికి అలవాటైపోయింది. దాని బదులు, “పదిహేను అంటే ఒక పది, ఐదు ఒకట్లు. ఐదు ఒకట్లను ఇక్కడ ఉంచి, ఆ పదిని పదుల ఇంటికి పంపుదాం” అనండి. పదుల్లోకి వచ్చాక, “నాలుగు పదులు, మూడు పదులు, వచ్చిన పది ఒకటి, ఎనిమిది పదులు” అనండి. కొంచెం పొడుగు మాట, నిజమే. నెల రోజులు పోయాక పిల్లలే కుదించుకుని ‘చేతిలో ఒకటి’ అంటారు. అప్పుడు అన్నా ఫర్వాలేదు, ఆ ఒకటి అసలు పేరు పది అని వాళ్లకు తెలుసు.

కుడి నుంచే ఎందుకు మొదలుపెట్టాలి అని చురుకైన పిల్లలు అడుగుతారు. అడిగితే సంతోషించండి. ఎడమ నుంచి చేసి చూడమనండి. నాలుగూ మూడూ ఏడు అని పదుల కింద 7 రాస్తారు. తర్వాత ఒకట్లలో పదిహేను వస్తుంది, ఒక పది పదుల్లోకి వెళ్లాలి, రాసిన 7ను చెరిపి 8 చేయాలి. తప్పేమీ కాదు, చెరపడం ఎక్కువ అవుతుంది, అంతే. కుడి నుంచి చేస్తే రాసింది చెరపక్కర్లేదు.

ఆరో మెట్టు: వందల దాకా, డబ్బుతో

మూడంకెల కూడికకు ఈనెలు చాలవు. నోట్లు, బిళ్లలు బయటకు తీయండి. మీరు బ్యాంకు, పిల్లలు ఖాతాదారులు. లూడో పాచికలు రెండు వేసి, ఎంత పడితే అన్ని రూపాయి బిళ్లలు తీసుకోమనండి. పది బిళ్లలు కాగానే మీకిచ్చి పది నోటు తీసుకోవాలి. పది రూపాయల నోట్లు పది కాగానే వంద నోటు. ముందు వంద చేరినవాళ్లు గెలిచినట్టు. అన్నాచెల్లెళ్లు కలిసి ఆడితే ఒకరి మార్పిడిని ఇంకొకరు కనిపెడుతూ ఉంటారు, మనం దిద్దక్కర్లేదు.

రెండు మూడు సాయంత్రాలు ఈ ఆట ఆడాక లెక్క ఇవ్వండి. ఒక దింపులో 268 కొబ్బరికాయలు, ఇంకో దింపులో 157. మొత్తం ఎన్ని? గడుల్లో ఇలా రాయించండి.

వ ప ఒ
2 6 8
1 5 7

ఎనిమిదీ ఏడూ పదిహేను ఒకట్లు. ఐదు ఇక్కడ, ఒక పది పక్కింటికి. ఆరు పదులు, ఐదు పదులు, వచ్చిన పది ఒకటి, మొత్తం పన్నెండు పదులు. ఇక్కడ ఆగండి. పన్నెండు పదులు అంటే పది పదులు, రెండు పదులు. పది పదులు కలిస్తే మోపు కట్టాం కదా? అది వంద. రెండు పదులు ఇక్కడ ఉంచి, ఆ వందను వందల ఇంటికి పంపాలి. రెండు వందలు, ఒక వంద, వచ్చిన వంద ఒకటి, నాలుగు వందలు. 425 కాయలు.

పదుల నెత్తిన రాసిన 1, వందల నెత్తిన రాసిన 1 చూడటానికి ఒకేలా ఉంటాయి. మొదటిది పది, రెండోది వంద. వేలితో చూపించి ‘ఒకటి ఏమిటి?’ అని అడగండి.

405కి 98 కూడడం కూడా ఒకసారి చేయించాలి. ఒకట్లలో పదమూడు, 3 ఉంచి ఒక పది పంపాం. పదుల్లో సున్నా, తొమ్మిది, వచ్చినది ఒకటి, పది పదులు. అంటే సరిగ్గా ఒక వంద, పదులేమీ మిగల్లేదు. పదుల కింద 0 రాయాలి. పిల్లలు ఇక్కడ సున్నా రాయడం మరిచిపోయి 53 అంటారు, లేకపోతే పదిని పదిగానే రాసేసి 4103 అంటారు. జవాబు 503.

ఏడో మెట్టు: మూడు సంఖ్యలు కలిసినప్పుడు

రెండు సంఖ్యలు కూడినంతకాలం పక్క ఇంటికి వెళ్లేది ఎప్పుడూ ఒకటే. తొమ్మిదీ తొమ్మిదీ వచ్చి, పైనుంచి ఇంకో ఒకటి వచ్చినా పంతొమ్మిదే కదా. అందుకే పిల్లలు మార్పిడి అంటే ఎప్పుడూ 1 రాయడమే అనుకుంటారు. కాబట్టి మూడు సంఖ్యల కూడికను ఆలస్యం చేయకుండా ఇవ్వండి. దుకాణం చీటీ ఇంట్లోనే ఉంటుంది. బియ్యం 145, నూనె 68, పప్పు 209 రూపాయలు అనుకోండి. ఒకట్లు: ఐదు, ఎనిమిది, తొమ్మిది, ఇరవై రెండు. ఇరవై రెండులో పదులు రెండు. కాబట్టి 2 ఉంచి, రెండు పదులు పంపాలి. పదుల్లో నాలుగు, ఆరు, సున్నా, వచ్చినవి రెండు, మొత్తం పన్నెండు. 2 ఉంచి ఒక వంద పంపాం. వందల్లో ఒకటి, రెండు, వచ్చినది ఒకటి, నాలుగు. 422 రూపాయలు. 68కి వందల గడిలో ఏమీ లేదు, ఆ గడి ఖాళీ. దాన్ని ఎడమకు జరిపి రాయకుండా చూడండి.

తప్పు చూసి కారణం పట్టుకోవడం

పిల్లలు తప్పు రాసినప్పుడు ఎర్ర ఇంటు కొట్టేముందు జవాబును ఒకసారి చదవండి. ఏ మెట్టు దగ్గరకు వెనక్కి వెళ్లాలో అదే చెబుతుంది. 47, 38 కూడమంటే 715 వచ్చిందంటే కట్ట కట్టి పక్క గడికి పంపలేదు. 75 వచ్చిందంటే కట్ట కట్టారు, పంపారు, కానీ లెక్కపెట్టేటప్పుడు మరిచిపోయారు. ఇది చిన్న మరుపు, నెత్తిన 1 రాయడం అలవాటు చేస్తే పోతుంది. 121 వచ్చిందంటే పదిహేనులో 1ను కింద రాసి 5ను పంపేశారు. పదిహేనులో పది ఏదో, ఐదు ఏదో వాళ్లకు ఇంకా తేలలేదు, రెండో మెట్టుకు వెళ్లండి. 345కి 27 కూడమంటే 615 వచ్చిందా? అంకెల్ని ఎడమ అంచున సర్ది రాశారు, రెండు పదులు వందల కిందకు వెళ్లిపోయాయి. అలాంటివాళ్లకు గడుల నోటు పుస్తకం కొన్నాళ్లు తప్పనిసరి. సరైన జవాబు 372.

ఇంకో అలవాటు ముందు నుంచే పెట్టండి. లెక్క చేసేముందు సుమారుగా ఎంత రావచ్చో నోటితో చెప్పించండి. నలభై ఏడు అంటే యాభైకి దగ్గర, ముప్పై ఎనిమిది నలభైకి దగ్గర, మొత్తం తొంభై లోపే ఉండాలి. అలా అనుకున్న పిల్ల 715 రాసి ఊరుకోదు, తనే చూసి ఆగిపోతుంది. చేసిన లెక్కను సరిచూడాలంటే కింది సంఖ్యను పైన, పై సంఖ్యను కింద రాసి మళ్లీ కూడాలి. అదే జవాబు రావాలి.

నోటి లెక్క

సంతలో కూరలమ్మే అవ్వను గమనించండి. ఆమె కాగితం వాడదు, కుడి నుంచి మొదలుపెట్టదు. నలభై ఏడు, ముప్పై ఎనిమిది అంటే, “నలభై, ముప్పై, డెబ్బై. ఏడూ ఎనిమిదీ పదిహేను. ఎనభై ఐదు” అంటుంది. ఇది కూడా స్థాన విలువే. పదులు వేరు, ఒకట్లు వేరు, చివర కలపడం. కొందరు ఇంకోలా చేస్తారు. ముప్పై ఎనిమిదిలోంచి మూడు తీసి నలభై ఏడుకిచ్చి యాభై చేస్తారు, యాభై, ముప్పై ఐదు, ఎనభై ఐదు. నోటి లెక్కకు ఎడమ నుంచి వెళ్లడమే సులువు, ఎందుకంటే పెద్ద భాగం ముందే చేతికి వస్తుంది. కాగితం మీద మార్పిడి బాగా వచ్చాకే దీన్ని చెప్పండి. రెండూ ఒకే వారంలో చెబితే కొందరు పిల్లలు గందరగోళపడతారు. నాలుగో తరగతి పిల్లల్ని మాత్రం అవ్వ దగ్గరికి తీసుకెళ్లి వినిపించండి.

లక్షల దాకా

పెద్ద సంఖ్య అంటే కొత్త పాఠం కాదు, గడులు పెరుగుతాయి, అంతే. ఒకట్లు, పదులు, వందలు, వేలు, పదివేలు, లక్షలు, పది లక్షలు. ప్రతి గడీ దాని కుడి గడికి పది రెట్లు. ఈ మాటను ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటికే ఒక్క వాక్యంలో చెప్పాడు. కామాలు పెట్టేటప్పుడు కుడి నుంచి మూడు అంకెలకు మొదటిది, ఆపైన రెండేసి అంకెలకు ఒకటి. మనం వేలు, లక్షలు, కోట్లు అని పలికే తీరుకి కామా సరిగ్గా సరిపోతుంది. కామా దగ్గర ఆగి, ఆ గుంపు పేరు పలికి ముందుకు వెళ్లాలి.

మన జిల్లాల జనాభాతోనే చేయిద్దాం. 2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం జిల్లాలో 27,03,114 మంది, విజయనగరం జిల్లాలో 23,44,474 మంది ఉన్నారు. 2022లో జిల్లాలు మారాయి కాబట్టి ఇవి పాత హద్దుల లెక్కలు. ముందు చదివించండి: ఇరవై ఏడు లక్షల మూడు వేల నూట పద్నాలుగు. పదివేల గడిలో సున్నా ఎందుకుందో అడగండి. తర్వాత సుమారు: ఇరవై ఏడు లక్షలు, ఇరవై మూడు లక్షలు, యాభై లక్షలు, ఆపైన ఇంకొన్ని వేలు.

ఇప్పుడు గడుల్లో. ఒకట్లు నాలుగూ నాలుగూ 8. పదులు ఒకటీ ఏడూ 8. వందలు ఒకటీ నాలుగూ 5. వేలు మూడూ నాలుగూ 7. పదివేలు సున్నా, నాలుగు, 4. లక్షలు ఏడూ మూడూ పది. పది లక్షలు నిండాయి కాబట్టి లక్షల కింద 0 ఉంచి, ఒకదాన్ని పది లక్షల ఇంటికి పంపాలి. అక్కడ రెండు, రెండు, వచ్చినది ఒకటి, 5. మొత్తం 50,47,588. యాభై లక్షల నలభై ఏడు వేల ఐదు వందల ఎనభై ఎనిమిది. ఏడంకెల లెక్కలో మార్పిడి ఒక్కచోటే వచ్చింది. ‘ఆ ఒకటి ఏమిటి?’ అంటే ఈసారి పిల్లలు ‘పది లక్షలు మాస్టారూ’ అని గట్టిగా అంటారు. ఆ మాట నాకు ఎన్నిసార్లు విన్నా ఆనందమే.

ఇక చివరి లెక్క వాళ్లనే ఒంటరిగా చేయనివ్వండి. అదే 2011లో విశాఖపట్నం జిల్లా జనాభా 42,90,589. దాన్ని 50,47,588కి కూడితే అప్పటి ఉత్తరాంధ్ర మూడు జిల్లాల మొత్తం వస్తుంది. జవాబు 93,38,177. ఒకట్లలో, పదుల్లో, వందల్లో, పదివేలల్లో, నాలుగు చోట్ల మార్పిడి ఉంది. వేరే జవాబు వస్తే ఆ నాలుగు గడుల్నే ముందు చూడమనండి.